పాపకు నచ్చిన రచయిత, పాప ఆడాలనుకుంటున్న నాటిక

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, ఇంగ్లీషు మీడియంలో నాలుగో తరగతి చదువుతోంది. జనవరిలో పుస్తక మహోత్సవానికి వెళ్లి తన కోసం తెలుగు పుస్తకాలు చాలానే కొన్నాము. వాటిలో జంతువులకు వైద్యం చేసే డాక్టరు కథ ‘నొప్పి డాక్టరు’ ఒక్కటే పట్టుకుంది. నేను చదివితే వింటుంది, తర్వాత తానే కూడబలుక్కుని చదువుకుంటుంది, మిగిలినవి ముట్టదు. “ఈయన రాసినవి ఇంకేమున్నాయి?” అని అడుగుతోంది. చదివిందే చదివితే ఏం లాభమని మా అత్తగారు అంటున్నారు. ఉగాదికి మా అపార్టుమెంటు పిల్లల చేత ఏదైనా వేయిద్దామంటే మా అమ్మాయి ఈ కథే వేయాలని పట్టుబట్టింది. మాటలన్నీ ముందే రికార్డు చేయించి, పిల్లల చేత పెదవులు కదిలిస్తే చాలని కొందరు పెద్దలు సూచిస్తున్నారు. డాక్టరు వేషం కోసం అప్పుడే ముగ్గురు పిల్లలు పోట్లాడుకుంటున్నారు. ఇలాంటి రచయితలను ఎలా వెతుక్కోవాలి? ఇష్టమైన పుస్తకాన్ని నాటికగా వేస్తే దాని మీద ఇష్టం తగ్గిపోదా? పిల్లలకు మంచి నాటకాలు ఎక్కడ చూపించాలి?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ సంతోషపెట్టింది మీ అమ్మాయి అడిగిన ప్రశ్న. పుస్తకం వెనుక ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి మాట తీరు తనకు నచ్చిందని, అదే మాట తీరు మరో పుస్తకంలో కూడా దొరకవచ్చని తొమ్మిదేళ్ల పిల్ల తనంతట తానే గ్రహించింది. చదువరి కావడం అక్కడే మొదలవుతుంది. కాబట్టి మిగిలిన పుస్తకాలు ముట్టలేదన్న బెంగ పక్కన పెట్టి, ఆ ప్రశ్న వెంట నడవండి.

ముందుగా మీ అత్తగారి మాట. ఒకే పుస్తకాన్ని పదేపదే చదివే పిల్ల ప్రతిసారీ ఒకే పని చేయడం లేదు. మొదటిసారి తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రంతో వింటుంది, ఆ ఆత్రం తీరాక మాటలు వింటుంది, ఆపైన ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ముందుగానే తాను అందుకుంటుంది. బడిలో రోజంతా ఇంగ్లీషు చదివే పిల్లకు తెలుగు అక్షరాల మీద పట్టు రావడానికి ఇంతకంటే మంచి దారి లేదు, ఎందుకంటే వాక్యం ముందే చెవిలో ఉన్నప్పుడు కన్ను భయపడకుండా దానిని వెతుక్కుంటుంది. మీ అత్తగారిని తప్పు పట్టకండి, ఆవిడను ఈ పనిలోకి పిలవండి. ఏడు చేపల కథ చెప్పమని అడగండి. దాని అవసరం నాటిక దగ్గర వస్తుంది.

ఇక మీ పాప మెచ్చిన రచయిత. ‘నొప్పి డాక్టరు’ రాసిన కోర్నేయ్ చుకోవ్‌స్కీ 1882లో పుట్టి 1969లో మరణించిన రష్యన్ రచయిత. జబ్బుపడిన తన కొడుకును రైల్లో ఇంటికి తీసుకువస్తూ, పిల్లవాడి ఏడుపు మాన్పడానికి చక్రాల చప్పుడుకు తగిన లయలో ఒక మొసలి కథను అప్పటికప్పుడు చెప్పుకుంటూ పోయారు. 1917లో అచ్చయిన ఆ పద్యకథతోనే ఆయన పిల్లల రచయితగా నిలబడ్డారు. రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలు మాట్లాడే మాటలను ఏళ్ల తరబడి సేకరించి ఒక పుస్తకమే రాశారు. పిల్లల పద్యంలో ప్రతి చరణం చిత్రకారుడికి ఒక బొమ్మను అందించాలని ఆయన చెప్పేవారు. అంటే ఆయన రచన ముందు నోటిలో పుట్టింది, వినే పిల్ల ఎదురుగా ఉండగా పుట్టింది, కాగితం మీదకు తర్వాత వచ్చింది. మీ అమ్మాయి చెవి దానిని పట్టుకుంది. నాటికగా వేద్దామని ఆమెకు తోచడానికి కారణం కూడా ఇదేనని నేను నమ్ముతున్నాను. పైకి చదివితే బాగుండే రచనే వేదిక మీద కూడా బాగుంటుంది. అందుచేత మీరు అడిగిన రెండు ప్రశ్నలకు సమాధానం వెతకవలసిన చోటు ఒకటే, అది పాప చెవి.

వెతికే పద్ధతి చాలా సులువైనది. కొత్త పుస్తకం ఏదైనా మొదటి రెండు పేజీలు మీరే పైకి చదవండి. మీ నాలుక ఎక్కడా తడబడకుండా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాక్యమే చెబుతున్నట్టు ఉంటే ఆ రచయితకు పిల్లలతో మాట్లాడడం తెలుసు. రెండో పేజీ చివర ఆగి, ఏమీ అడగకుండా పాప ముఖం చూడండి. “తర్వాత?” అంటే కొనసాగించండి. అనకపోతే ఏ వ్యాఖ్యా చేయకుండా మూసి, అరలో పెట్టండి, ఆరు నెలల తర్వాత అదే పుస్తకం నచ్చవచ్చు. బలవంతంగా చివరి పేజీ దాకా చదివిస్తే ఆ పుస్తకంతో పాటు ఆ రచయిత కూడా పాపకు దూరమవుతాడు.

మరో అలవాటు కూడా చేయండి. పుస్తకం తెరిచే ముందు అట్ట మీద రచయిత పేరు, బొమ్మలు వేసినవారి పేరు, అనువాదమైతే అనువాదకుల పేరు పైకి చదవండి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని మన భాషలో దీని అవసరం ఎక్కువ. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ధారావాహికలు రాశారు. మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ పేర్లు చెబితే నేటికీ కళ్లు మెరిసే పెద్దవారు ఎందరో ఉన్నారు. ఆ ధారావాహికల మీద ఆయన పేరు ఉండేది కాదు. తరాల పిల్లలు ఒక రచయితను ప్రాణప్రదంగా ప్రేమించి కూడా ఆయన ఎవరో తెలియకుండానే పెద్దవారయ్యారు. ఆ కథలు తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. ఇప్పుడు ఆయన పేరు చెప్పి చదివి వినిపించే అవకాశం మీకుంది, దానిని వదులుకోకండి. తొమ్మిదేళ్ల పిల్లకు ఒక్కో అధ్యాయం ఒక్కో రాత్రికి సరిగ్గా సరిపోతుంది.

చుకోవ్‌స్కీ రచనల కోసం, ఆ కోవకు చెందిన ఇతర రష్యన్ పుస్తకాల కోసం మీ ఊరిలోని విశాలాంధ్ర దుకాణంలోను, పాత పుస్తకాల అంగళ్లలోను అడగండి. సోవియట్ కాలంలో మాస్కోలో తెలుగులో అచ్చయిన పిల్లల పుస్తకాలను తిరిగి ప్రచురిస్తున్న ‘మంచి పుస్తకం’ సంస్థ సికింద్రాబాదు తార్నాకలో ఉంది. అర్కాదీ గైదార్ రాసిన చుక్, గెక్ అన్నదమ్ముల కథను తప్పక వెతకండి. అన్నదమ్ముల పోట్లాటలో తండ్రి పంపిన టెలిగ్రాము ఉన్న డబ్బా కిటికీలోంచి బయటకు పోవడం, అమ్మకు చెప్పకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకోవడం, ఆ మౌనం వల్ల జరిగినదంతా పిల్లలు గుక్క తిప్పుకోకుండా వింటారు.

తెలుగులోనే పుట్టిన మాట తీరు కావాలంటే ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగును మించిన గొంతు నాకు తెలియదు. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చిన ఆ రచన మొత్తం ఒక పిల్లవాడు మనతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, బాపు గారి బొమ్మలు ఆ మాటలకు ముఖం ఇచ్చాయి. అయితే అందులో పెద్దలకు మాత్రమే అందే చమత్కారాలు చాలా ఉన్నాయి కాబట్టి పక్కన కూర్చుని, ఎంచిన భాగాలను మీరే చదివి వినిపించండి. పాపకు పన్నెండేళ్లు వచ్చాక నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి చిత్తూరు పల్లె కథలు మొదలుపెట్టవచ్చు. కృష్ణా జిల్లా చెవికి ఆ యాస మొదట కొత్తగా తగిలినా, పైకి చదివేసరికి దానంతట అదే దారిలో పడుతుంది.

నేటి రచయితల కోసం కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాలసాహిత్య పురస్కారాల జాబితాను చూడండి. మొదటి ఏడాది తెలుగులో కలువకొలను సదానంద గారి ‘అడవితల్లి’కి వచ్చింది. 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావు గారికి, 2019లో బెలగాం భీమేశ్వరరావు గారికి వచ్చింది. వరుసగా రెండేళ్లు పార్వతీపురం పట్టణానికే ఆ గౌరవం దక్కడం చూస్తే, పిల్లల కోసం రాసేవారు మహానగరాలలోనే ఉంటారన్న అపోహ తొలగిపోతుంది. బహుమతి వచ్చినంత మాత్రాన మీ పాపకు నచ్చాలని లేదు, రెండు పేజీల పరీక్ష ఈ పుస్తకాలకూ పెట్టండి. అనంతపురం జిల్లా నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక కూడా చూపించండి. అందులో పిల్లలు రాసిన కథలుంటాయి, తన వయసువారి వాక్యాలు చదివిన పిల్ల కలం పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

నాటికగా వేస్తే ఇష్టం పోతుందేమోనన్న మీ భయం అర్థం లేనిదేమీ కాదు. పుస్తకం చదివిన పిల్ల మనసులో డాక్టరుకు ఒక రూపం ఉంటుంది, వేదిక మీద వేరొకరు కనబడితే ఆ రూపం చెదిరినట్టు అనిపిస్తుంది. అయినా మంచి నాటకకర్తలు చేసినదేమిటో గమనిస్తే ఈ భయం చాలావరకు తీరుతుంది. మైకేల్ మోర్‌పర్గో 1982లో రాసిన ‘వార్ హార్స్’ నవలలో మొదటి ప్రపంచ యుద్ధపు కథను గుర్రమే స్వయంగా చెబుతుంది. 2007లో లండన్ నేషనల్ థియేటర్ దానిని నాటకంగా వేసినప్పుడు గుర్రం చేత ఒక్క మాట కూడా మాట్లాడించలేదు. దక్షిణాఫ్రికాకు చెందిన హ్యాండ్‌స్ప్రింగ్ బొమ్మలాట బృందం బెత్తంతో నిలువెత్తు గుర్రాన్ని తయారు చేస్తే, ముగ్గురు మనుషులు దానిని ఆడించారు. ఆ మనుషులు ప్రేక్షకులకు స్పష్టంగా కనబడుతూనే ఉంటారు. అయినా చెవి కదలిక, ఊపిరితో పక్కటెముకలు లేచి పడడం, భయపడినప్పుడు కాళ్లు వెనక్కు తీయడం చూసి జనం గుర్రాన్నే చూశారు. పుస్తకంలో మాట చేసిన పనిని వేదిక మీద దేహం చేసింది. రోల్డ్ డాల్ 1988లో రాసిన ‘మటిల్డా’ను రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 2010లో సంగీత నాటకంగా ప్రదర్శించినప్పుడు, నవలలో లేని ఒక సర్కస్ జంట కథను మటిల్డా లైబ్రేరియనుకు విడతలవారీగా చెబుతున్నట్టు చేర్చారు. చదవడమంటే ప్రాణమిచ్చే పిల్ల కథలు చెప్పడం కూడా మొదలుపెడుతుందని వారు ఊహించారు. ఈ రెండు చోట్లా పుస్తకాన్ని ఉన్నదున్నట్టు వేదిక మీద పరచలేదు. దానిలోని ప్రాణం ఎక్కడుందో వెతికి, దానికి తగిన కొత్త రూపం ఇచ్చారు. ఇలాంటి నాటకం చూసిన పిల్ల పుస్తకాన్ని మళ్లీ తెరిచి, అక్కడేముందో ఇక్కడేముందో పోల్చుకుంటుంది.

తానే ఆడబోయే పిల్లకు ఆ భయం ఇంకా తక్కువ. ఏది ఉంచాలో ఏది వదలాలో నిర్ణయించే పని పిల్లలకే ఇవ్వండి. పెద్దలు రాసి ఇచ్చిన సంభాషణలు బట్టీ పట్టిస్తే మాత్రం మీరు భయపడినట్టే జరుగుతుంది.

‘నొప్పి డాక్టరు’ పట్టుకునే ముందు ఒక సాయంత్రం మీ అత్తగారి ఏడు చేపల కథను ఆడించండి. ఎండని చేపను ఎందుకు ఎండలేదని అడగడం, చేప గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద, ఆవు మేపేవాడి మీద నేరం నెట్టడం, చివరకు చీమ “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అనడం దాకా ఆ కథ కాగితం లేకుండానే తయారుగా ఉన్న నాటిక. ప్రతి పాత్రకు ఒక ప్రశ్న, ఒక జవాబు. సిగ్గుపడే పిల్ల గడ్డిమోపై ఒక్క మాట చెబితే చాలు. పదిమంది పిల్లలకు పది నిమిషాల్లో పాత్రలు దొరుకుతాయి, ఎదుటివాడి మాట పూర్తయ్యే దాకా ఆగడం అనే అసలు విద్య కూడా పట్టుబడుతుంది. డాక్టరు దగ్గరకు జబ్బుపడిన జంతువులు ఒకదాని తర్వాత ఒకటి రావడం కూడా ఇలాంటి వరుసే కాబట్టి పిల్లలు సులువుగా అందులోకి దిగుతారు.

ఆ తర్వాత పుస్తకాన్ని అయిదారు ఘట్టాలుగా విడదీయమని పిల్లలనే అడగండి. కథనాన్ని ఇద్దరు ముగ్గురు పిల్లలు వేదిక పక్కన నిలబడి పుస్తకంలోని వాక్యాలతోనే చెప్పాలి. ఆ వాక్యాల కోసమే కదా పాప ఈ పుస్తకాన్ని అన్నిసార్లు తెరిచింది. జంతువులకు ముఖం మూసే ముసుగులు వద్దు, వాటి వెనుక నుంచి మాట వినబడదు, ముఖంలోని భావమూ కనబడదు. కుంటుతూ వచ్చే నడక, నొప్పికి ముడుచుకునే భుజాలు, మందు మింగేటప్పుడు చిట్లించిన ముఖం చాలు. మొత్తం ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. చివర నీతి చెప్పే పాత్రను చేర్చుదామని ఎవరో ఒకరు తప్పక అంటారు, దానికి ఒప్పుకోకండి. డాక్టరు వైద్యం చేశాడు, జంతువులు కోలుకున్నాయి, పిల్లలకు అందవలసింది అందింది.

డాక్టరు వేషం మీద పోట్లాటకు ఒక ఉపాయం ఉంది. ఒక తెల్లకోటు తెచ్చి, ఘట్టానికొకరు వేసుకునేలా చేయండి. ఘట్టం పూర్తయిన పిల్ల వేదిక మీదే అందరి ఎదుట కోటు విప్పి తర్వాతి పిల్లకు తొడగాలి. కోటు వేసుకున్నవారే డాక్టరని మొదటి మార్పిడిలోనే ప్రేక్షకులకు అర్థమవుతుంది. ఆ క్షణాన్ని కూడా నాటికలో భాగంగా సాధన చేయిస్తే చూడడానికి ఎంతో బాగుంటుంది. మీ అమ్మాయికి మొదట కష్టంగా ఉండవచ్చు. తనకు అత్యంత ఇష్టమైన ఘట్టాన్ని ముందుగా ఎంచుకునే హక్కు ఆమెకు ఇవ్వండి, పుస్తకాన్ని తెచ్చింది ఆమే కాబట్టి మిగిలిన పిల్లలు దానిని న్యాయంగానే భావిస్తారు.

రికార్డు చేసిన మాటలకు పెదవులు కదిలించడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మాట తడబడకూడదన్న పెద్దల ఆతురత నాకు అర్థమవుతుంది, కాని నాటికలో పిల్లకు దక్కేదే తన గొంతు, దానిని లాగేసుకుంటే మిగిలేది అలంకరణ. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ఆకాశవాణిలో బాలానందం నడిపినప్పుడు పిల్లల చేతనే మాట్లాడించారు, పాడించారు, నాటికలు ఆడించారు. మైకు ముందు నిలబడిన ఆ పిల్లల గొంతుల కోసమే ఇళ్లలో జనం రేడియో చుట్టూ చేరేవారు. మీ అపార్టుమెంటు ఆవరణలో మాట వినబడదనుకుంటే పిల్లలను వేదిక ముందు భాగానికి తెచ్చి, రెండు మైకులను స్టాండ్లకు బిగించి నిలబెట్టండి, ప్రేక్షకులను దగ్గరగా కూర్చోబెట్టండి, ఆ ఇరవై నిమిషాలు భోజనాల దగ్గర వడ్డన ఆపించండి.

అనుమతి గురించి మీరు అడగలేదు గాని చెప్పడం నా బాధ్యత. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా ఆ రచన మీద హక్కులుంటాయి, అనువాదకులకు వేరుగా ఉంటాయి. డబ్బు తీసుకోకుండా ఔత్సాహికులు వేసే ప్రదర్శనకు, బడిలో విద్యార్థులు తమ తల్లిదండ్రుల ముందు వేసే ప్రదర్శనకు చట్టం వెసులుబాటు ఇచ్చింది. టికెట్టు పెట్టినా, విరాళం వసూలు చేసినా, పుస్తకాన్ని నాటికగా అచ్చు వేయదలచినా ముందుగా ప్రచురణకర్తను అడగవలసిందే. రేపు ఒక తెలుగు రచయిత కథను వేస్తే, అవసరమున్నా లేకున్నా పిల్లల చేతనే ఉత్తరం రాయించి అనుమతి అడిగించండి. మన పిల్లల రచయితలలో పలువురు కథ చివర ఫోను నంబరు కూడా ఇస్తారు. తమ కథను పిల్లలు ఆడుతున్నారని తెలిస్తే వారు పొందే సంతోషం గొప్పది. రచయిత గొంతును ఫోనులో విన్న పిల్ల ఆ పేరును ఇక మరచిపోదు.

నాటకాలు చూపించడానికి, హైదరాబాదు వెళ్లినప్పుడు సురభి వారి ప్రదర్శన ఉందేమో వాకబు చేయండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సమాజం అది. కుటుంబాలకు కుటుంబాలే తరాలుగా అదే వృత్తిగా బ్రతికాయి. ‘మాయాబజార్’లో వారు వేదిక మీద చేసే మాయలు చూసిన పిల్లకు ఇది ఎలా చేశారన్న ప్రశ్న పుడుతుంది, నాటికలు వేసే పిల్లకు అది చాలా మంచి ప్రశ్న. మీ ఊరిలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో జరిగే నాటక పోటీలలో పిల్లల నాటికలు ఉన్నాయేమో కనుక్కోండి. నంది నాటకోత్సవాలలో బాలల నాటికకు ప్రత్యేక విభాగం పెట్టినందువల్ల వాటిని తయారు చేసే బృందాలు మన జిల్లాలలో పెరిగాయి. అయితే పోటీ నాటికలు కొన్నింటిలో పెద్దల ఉపన్యాసాన్నే పిల్లల నోట పెడతారు. అలాంటిది ఎదురైతే మధ్యలో లేచి రావడానికి సంకోచించకండి. పిల్లలు పిల్లలతో మాట్లాడుకునే నాటిక దొరికితే చివరి దాకా కూర్చోండి, వీలైతే ఆ పిల్లలను కలిపించండి.

ఉగాదికి వ్యవధి తక్కువగా ఉంది కాబట్టి సాధన ఈ ఆదివారమే మొదలుపెట్టండి. పిల్లలందరినీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, పుస్తకాన్ని చేతులు మారుస్తూ, తలా ఒక పేజీ చొప్పున మొదటి నుంచి చివరి దాకా పైకి చదివించండి. తెలుగు చదవలేని పిల్లల వంతు వచ్చినప్పుడు మీ అమ్మాయి చదివి వినిపిస్తుంది. వేషాలు, కోటు, మైకుల మాట ఆ తర్వాతి ఆదివారం చూడవచ్చు.